చేతికి తెలిసేదెంత? – నడుమునొప్పి స్పర్శపరీక్షల విశ్వసనీయత, నొప్పి భాష: పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంత నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

నడుమునొప్పితో వచ్చినవారి వెన్నును చేతితో నొక్కి, కదిలించి స్థితిని అంచనా వేయడం వైద్యంలోనూ ఫిజియోథెరపీలోనూ నిత్యం జరిగే పని. ఒకే వెన్నును ఇద్దరు పరీక్షకులు వేరువేరుగా చూసినప్పుడు ఇద్దరూ ఒకే మాట చెబుతారా అన్నదే ఈ పరీక్షల విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న. ఈ విషయంపై వెలువడిన ముఖ్యమైన అధ్యయనాలను పరిచయం చేయడం, పరీక్షకుడి వేలికి తోచే 'బిగువు' కంటే రోగి నోట వచ్చే 'నొప్పి' విషయంలోనే పరీక్షకుల మధ్య ఏకీభావం ఎక్కువని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కారణంగా, పలు భాషల కార్మికులు పనిచేసే పటాన్‌చెరు ప్రాంతంలో భాష కూడా పరీక్షా సాధనంలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్పర్శపరీక్ష, విశ్వసనీయత, సప్రమాణత, కప్పా గుణకం, నాడీపరీక్ష, నొప్పి పదజాలం, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద పడమరగా వెళితే రామచంద్రపురం, పటాన్‌చెరు, ఆ పైన సంగారెడ్డి వస్తాయి. 1960లలో రామచంద్రపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఏర్పడింది. 1970ల నుంచి పటాన్‌చెరు, ఆ తరువాత బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా నుంచి విడివడిన సంగారెడ్డి జిల్లాకు ఈ పరిశ్రమలే ప్రధాన గుర్తింపు. మందులు, రసాయనాలు, యంత్రభాగాలు తయారయ్యే ఈ ప్రాంతంలో డ్రమ్ములు దొర్లించేవారు, బస్తాలు మోసేవారు, షిఫ్టు పొడవునా యంత్రం ముందు వంగి నిలబడేవారు వేలమంది. వీరిలో స్థానికులతో పాటు ఒడిశా, బీహారు, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఇలాంటి పనుల్లో నడుమునొప్పి అరుదైన సంగతి కాదు.

నడుమునొప్పుల్లో అధికభాగానికి ఎక్స్‌రేలోగాని ఎం.ఆర్.ఐ.లోగాని ఇదమిత్థమైన కారణం కనిపించదు. కారణం కనిపించనంత మాత్రాన నొప్పి లేదని కాదు. అలాంటప్పుడు నిర్ణయమంతా రెండింటి మీద ఆధారపడుతుంది: కార్మికుడు చెప్పిన మాట, పరీక్షకుడి చేయి. ఆ నిర్ణయం చిన్నది కాదు. ఈఎస్ఐ పథకంలో జబ్బుపడిన కార్మికుడికి ఏడాదికి గరిష్ఠంగా 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తుంది. పనిలో గాయపడి తాత్కాలికంగా అశక్తుడైతే 90 శాతం లభిస్తుంది. రెండింటికీ వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఒక వైద్యుడి చేతికి 'బిగుసుకుపోయిన' నడుము మరొక వైద్యుడి చేతికి 'మామూలుగా' తోస్తే, ఆ తేడా నెలజీతంలో కనబడుతుంది. కాబట్టి స్పర్శపరీక్షను ఎంతవరకు నమ్మవచ్చన్నది పాండిత్యానికి మాత్రమే చెందిన ప్రశ్నగా మిగిలిపోదు.

2. నాడి పట్టిన చేయి:

చేతితో రోగాన్ని తెలుసుకోవడం తెలుగునేలకు కొత్తది కాదు. చరక, సుశ్రుత సంహితల్లో నాడీపరీక్షకు ప్రత్యేకమైన విస్తృత వివరణ లేదు. శార్ఙ్గధర సంహితతో అది స్పష్టమైన రూపం పొందింది. తెలుగువారి వైద్యగ్రంథాల్లో ప్రసిద్ధమైన బసవరాజీయం సంస్కృత శ్లోకాలకు తెలుగు తాత్పర్యంతో నడుస్తుంది. అది రోగాల వివరణకు ముందే నాడీపరీక్షను చేపట్టడం గమనించదగినది.

నాడిని వర్ణించడానికి శార్ఙ్గధరుడు ఎంచుకున్న పద్ధతి ఉపమానం. వాతనాడి పాములా, జలగలా. పిత్తనాడి కప్పలా, కాకిలా. కఫనాడి హంసలా, పావురంలా నడుస్తుందని ఆ సంప్రదాయం చెబుతుంది. సాహిత్య విద్యార్థి దీన్ని అలంకారంగా చదివి ఊరుకోవచ్చు. కాని ఇక్కడ ఉపమానం చేసేది కొలబద్ద పని. చూపించడానికి వీలులేని ఒక స్పర్శానుభవాన్ని గురువు వేలి నుంచి శిష్యుడి వేలికి అందించడానికి అంతకుమించిన సాధనం ఆనాడు లేదు. గురువుకు కప్పగెంతుగా తోచినది శిష్యుడికీ అలాగే తోస్తుందా? ఉపమానం ఒక్కటే అయినా అనుభవం ఒక్కటేనా? ఆధునిక పరిశోధకులు 'విశ్వసనీయత' పేరుతో అడిగేది సరిగ్గా ఈ ప్రశ్ననే.

నాడీపరీక్షను ఈ ప్రశ్నకు నిలబెట్టిన అధ్యయనాలు ఉన్నాయి. వృందా కురండే, ఆమె సహపరిశోధకులు 2010లలో ప్రచురించిన పరిశోధనలో పదిహేనుమంది ఆయుర్వేద వైద్యులు ఇరవైమంది ఆరోగ్యవంతుల నాడిని, ప్రకృతిని రెండేసి సార్లు, మారిన వరుసలో పరీక్షించారు. తన మొదటి తీర్పుతో తన రెండవ తీర్పే ఎంతవరకు కలిసిందన్నది వైద్యుణ్ణి బట్టి చాలా మారింది. ఫలితం ఎలా ఉన్నా, సంప్రదాయ వైద్యులు తమంతట తాము ఇలాంటి పరీక్షకు కూర్చోవడం అభినందనీయం. నాడీపరీక్షను వెక్కిరించేవారు, ఆధునిక ఫిజియోథెరపీలోని వెన్ను పరీక్షలకు కూడా ఇదే ఇబ్బంది ఎదురైందని తెలుసుకోవలసి ఉంది.

3. విశ్వసనీయత, సప్రమాణత, కప్పా:

ఉపాధ్యాయ శిక్షణ పాఠ్యగ్రంథాల ద్వారా 'విశ్వసనీయత', 'సప్రమాణత' అనే రెండు పదాలు తెలుగులో స్థిరపడ్డాయి. ఎన్నిసార్లు కొలిచినా, ఎవరు కొలిచినా ఫలితం మారకపోవడం విశ్వసనీయత. కొలవదలచినదాన్నే కొలవడం సప్రమాణత. అంగడిలోని తరాజు ప్రతిసారీ వంద గ్రాములు తక్కువ చూపిస్తే దానికి విశ్వసనీయత ఉన్నది, సప్రమాణత లేదు. ప్రతిసారీ ఒక్కో బరువు చూపించే తరాజు విషయంలో సప్రమాణత ప్రసక్తే రాదు. అందువల్ల విశ్వసనీయత ముందు తేలవలసిన విషయం.

ఇద్దరు పరీక్షకుల తీర్పులు ఎన్నిసార్లు కలిశాయో లెక్కిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. వందమంది లోడింగు కార్మికుల నడుములను ఇద్దరు పరీక్షించారు. ఇద్దరూ చెరో 80 మంది నడుము 'బిగుసుకుంది' అన్నారు. 76 మంది విషయంలో ఇద్దరి తీర్పు కలిసింది. 76 శాతం ఏకీభావం బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది. ఇప్పుడు ఆ ఇద్దరూ రోగులను తాకనైనా తాకకుండా, కళ్లు మూసుకుని నూటికి 80 చొప్పున 'బిగుసుకుంది' అని రాశారనుకుందాం. అప్పుడు కూడా యాదృచ్ఛికంగా, ఇద్దరూ 'బిగుసుకుంది' అనేవి 64, ఇద్దరూ 'లేదు' అనేవి 4, మొత్తం 68 చోట్ల తీర్పులు కలుస్తాయి. అంటే ముట్టుకుని చూసినందువల్ల అదనంగా కలిసినవి ఎనిమిదే. కలవడానికి అవకాశం ఉన్నవి 32. ఎనిమిదిని ముప్పైరెండుతో భాగిస్తే 0.25.

ఈ 0.25నే కప్పా గుణకం అంటారు. జాకబ్ కోహెన్ 1960లో దీన్ని ప్రతిపాదించాడు. 1977లో లాండిస్, కోచ్ అనే గణాంకవేత్తలు ఇచ్చిన కొలమానం ప్రకారం 0.20 వరకు స్వల్పం, 0.40 వరకు పరవాలేదనదగినది, 0.60 వరకు మధ్యమం, 0.80 వరకు గణనీయం, ఆ పైన దాదాపు సంపూర్ణం. ఈ హద్దులు సౌలభ్యం కోసం గీసుకున్నవే తప్ప ప్రకృతిసిద్ధమైనవి కావు. పరిశోధనాపత్రాల్లో వీటిని శాసనంలా ఉటంకించడం అతి.

పై ఉదాహరణలో మరొక చిక్కు దాగి ఉంది. పరీక్షించినవారిలో దాదాపు అందరిదీ ఒకే స్థితి అయినప్పుడు ఏకీభావం ఎంత ఎక్కువగా ఉన్నా కప్పా పడిపోతుంది. ఫైన్‌స్టీన్, చిచెట్టి 1990లోనే ఈ వైరుధ్యాన్ని చూపించారు. బరువులు మోసేవారిలో చాలామందికి నడుము బిగువు ఉండే అవకాశం ఉన్న పటాన్‌చెరు వంటి చోట ఈ సంగతి మరచిపోతే, పరీక్షకుల తప్పు లేకపోయినా వారిని తప్పుపట్టవలసి వస్తుంది.

4. పరీక్షకే పరీక్ష:

చేతికి ఏమి తెలుస్తుందో తేల్చడానికి పెద్ద ఖర్చు అక్కరలేదని నిరూపించినది ఒక బాలిక. అమెరికాలోని కొలరాడోకు చెందిన ఎమిలీ రోజా తొమ్మిదేళ్ల వయసులో, రోగి శరీరం చుట్టూ ఉన్న 'శక్తి' తమ అరచేతులకు తెలుస్తుందని చెప్పే చికిత్సకులను పరీక్షించింది. అడ్డంగా ఒక అట్టతెర. తెర అడుగునుంచి చికిత్సకుల రెండు చేతులు ఇవతలికి. నాణెం ఎగరేసి, ఆ రెండింటిలో ఒకదానిపైన ఎమిలీ తన చేతిని ఆనకుండా ఉంచుతుంది. ఏ చేతికి దగ్గరగా ఉందో చికిత్సకులు చెప్పాలి. 21 మంది, 280 ప్రయత్నాలు; సరైన జవాబులు 44 శాతం. ఊరికే ఊహించినా 50 రావాలి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఇది ప్రచురితమైంది. తెర లేకపోతే కన్ను చెప్పినదాన్ని చేయి చెప్పిందని మనం నమ్ముతాం. పరిశోధనా పరిభాషలో 'అంధీకరణ' అనే ఈ తెరే విశ్వసనీయతా పరీక్షకు ప్రాణం.

వెన్ను పరీక్షలది అట్టతెర కథ కాదు. ఇక్కడ చేయి నిజంగానే కండరాన్ని, ఎముకను తాకుతుంది. అయినా ఫలితాలు ఆశ్చర్యపరుస్తాయి. పాటర్, రోత్‌స్టీన్ 1985లో కటికీలు పరీక్షలు పదమూడింటిని 17 మంది రోగులపై జరిపించారు. పదకొండు పరీక్షల్లో ఇద్దరు పరీక్షకుల ఏకీభావం 70 శాతమైనా చేరలేదు. చేరిన రెండూ ఎటువంటివి? కటి ఎముకలను విడదీసేలాగానో దగ్గరకు చేర్చేలాగానో ఒత్తి, 'నొప్పి వస్తున్నదా?' అని రోగినే అడిగేవి. మిగిలిన పరీక్షల్లో కీలు కదిలిందా, ఒక పక్క ఎత్తుగా ఉందా అని పరీక్షకుడు తనకు తానే నిర్ణయించుకోవాలి.

క్రిస్ మాహర్, రోజర్ ఆడమ్స్ 1994లో ఈ తేడాను మరింత సూటిగా బయటపెట్టారు. ఆరుగురు చికిత్సకులు, 90 మంది నడుమునొప్పి రోగులు. అదే వెన్నుపూసను, అదే నొక్కుతో పరీక్షించి రెండు సంగతులు నమోదు చేయాలి: వెన్ను ఎంత బిగుసుకుని ఉంది, రోగికి ఎంత నొప్పి వచ్చింది. నొప్పి విషయంలో చికిత్సకుల ఏకీభావ గుణకం 0.7 దరిదాపుల్లో నిలిచింది. బిగువు విషయంలో 0.4ను అందుకోలేదు, కొన్నిచోట్ల సున్నాకు చేరువైంది. ఒకే నొక్కు, ఒకే క్షణం. రోగి చెప్పినది కలిసింది, చేయి చెప్పినది కలవలేదు.

2004లో మైకేల్ సెఫింజర్ బృందం ఈ రంగంలోని 49 పత్రాలను సమీక్షించింది. నొప్పిని రేపి చూసే పరీక్షలే అన్నిటికన్నా నమ్మదగినవని, వెన్ను పక్కనున్న మృదుకణజాలాన్ని తడిమి చెప్పే తీర్పులు నమ్మదగినవి కావని తేల్చింది. ఒకే పరీక్షకుడు తనతో తాను ఏకీభవించినంతగా ఇతరులతో ఏకీభవించడు. అనుభవం పెరిగినా, ముందుగా అందరూ కూర్చుని పద్ధతిని సరిచూసుకున్నా ఈ స్థితి మెరుగుపడలేదు. ఈ చివరి మాట చాలామంది చేతివాటాన్ని నొప్పించేదే. ముప్పై ఏళ్ల అనుభవం చేతికి నమ్మకాన్ని ఇస్తుంది, పక్కవాడి చేతితో ఏకీభావాన్ని మాత్రం ఇవ్వదు.

ఎందుకిలా? మొదటి కారణం, ఏ పూసను తాకుతున్నామో తెలియకపోవడం. మత్తువైద్యులపై జరిగిన అధ్యయనమొకటి 2000లో వెలువడింది. వెన్ను మీద గుర్తుపెట్టిన చోటు ఏ రెండు పూసల మధ్యదో చేతితో తడిమి సరిగ్గా చెప్పగలిగినది 29 శాతం సందర్భాల్లోనే అని ఎం.ఆర్.ఐ. చూపింది. సూది వేసేవారి చేతికే ఇంత తడబాటైతే 'నాలుగో పూస బిగుసుకుంది' అనే మాటను ఇద్దరు ఒకే పూస గురించి అంటున్నారన్న హామీ లేదు. రెండవ కారణం, నొక్కే బలం మనిషి మనిషికీ మారడం. మూడవది, పరీక్షే పరీక్షించే వస్తువును మార్చడం. మొదటి చేయి నొక్కిన కండరం రెండవ చేతికి చేరేసరికి సడలవచ్చు, రేగనూవచ్చు.

వీటన్నిటినీ చూసి చేతిపరీక్షను కొట్టిపారేయడం తొందరపాటు. లాస్లెట్ బృందం 2005లో కటికీలు నొప్పి రేపే పరీక్షలు ఆరింటిని కలిపి చూసింది. మూడు లేదా అంతకుమించిన పరీక్షల్లో నొప్పి వస్తే, ఆ కీలులోకి మత్తుసూది వేసి నిర్ధారించిన ఫలితంతో అది బాగా సరిపోయింది. జబ్బు ఉన్నవారిలో 94 శాతాన్ని, లేనివారిలో 78 శాతాన్ని సరిగ్గా గుర్తించింది. అయితే ఇక్కడ ఒక షరతు ఉంది. ఏదో ఒక నొప్పి వస్తే చాలదు, రోగి ఏ నొప్పి కోసం వచ్చాడో ఆ నొప్పే రావాలి. 'అదే నొప్పి' అని చెప్పవలసినది రోగి.

5. పట్టింది, గుంజుతున్నది, బింధా:

ఇక్కడే భాషాధ్యయనానికి పని ఏర్పడుతుంది. పరీక్షలో నమ్మదగిన భాగం రోగి మాటే అయినప్పుడు, ఆ మాట ఏ భాషలో పుట్టింది, ఏ భాషలోకి మారి కాగితం మీదికి చేరింది అన్నది ఉపేక్షించదగినది కాదు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో మెక్‌గిల్ ప్రశ్నావళి ద్వారా 78 ఇంగ్లీషు నొప్పి పదాలను ఇరవై వర్గాలుగా అమర్చినప్పుడు గుర్తించినది ఇదే. నొప్పి మాటలు అలంకారాలు కావు, రోగలక్షణాలు.

తెలంగాణ వాడుకలో నడుమునొప్పికి ఎన్ని క్రియలున్నాయో చూస్తే ఆ సంపద తెలుస్తుంది. నడుము గుంజుతది, పీకుతది, సలుపుతది, జివ్వుమంటది, చురుక్కుమంటది, మంట పుడుతది, తిమ్మిరెక్కుతది. 'గుంజుడు' సాధారణంగా కండరం లాగినట్టుండే బాధ. 'జివ్వుమనడం' మెరుపులా కాలిలోకి పాకే బాధ. వైద్యుడికి ఈ రెండింటి భేదం ముఖ్యం, ఎందుకంటే రెండవది నరాల వేరు ఒత్తుకుపోవడాన్ని సూచించవచ్చు. 'నొప్పి ఉందా?' అని ఒక్క మాటలో అడిగి 'ఉంది' అని రాసుకుంటే ఈ భేదం పోతుంది.

వీటన్నిటికన్నా చిక్కైనది 'పట్టింది' అనే మాట. 'నడుము పట్టింది', 'పట్టేసింది' అన్నప్పుడు కార్మికుడు నొప్పినీ బిగువునూ కలిపి చెబుతున్నాడు. మాహర్, ఆడమ్స్ ఎంతో శ్రమపడి విడదీసిన రెండు సంగతులు – ఒకటి నమ్మదగినది, మరొకటి నమ్మలేనిది – తెలుగులో ఒకే క్రియలో ఒదిగి ఉన్నాయి. పరీక్షకుడు వెన్ను మీద వేలుంచి 'ఇక్కడ పట్టిందా?' అని అడిగితే వచ్చిన 'అవును' దేనికి జవాబు? పరీక్షాపత్రంలో ఏ గడిలో రాయాలి? 'నేను నొక్కినప్పుడు మీకు రోజూ వచ్చే నొప్పే వచ్చిందా, వేరేదా?' అని అడగడం ఇంతకన్నా మేలు. 'నరం' సంగతీ అంతే. నెత్తురు పారేదీ, స్పర్శ మోసేదీ, కండరాన్ని ఎముకకు కట్టేదీ వ్యవహారంలో నరమే. 'నరం పట్టింది' అన్న మాటను 'నర్వ్' అని రాసుకున్న చీటీ తరువాతి వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదు.

ఒడియా కార్మికుడి విషయంలో చిక్కు మరింత పెరుగుతుంది. ఒడియాలో నడుమునొప్పిని 'అంటా బింధా' అంటారు. 'బింధిబా' క్రియకు గుచ్చడం, దూసుకుపోయేలా కొట్టడం అనే అర్థాలున్నాయి. కాని నొప్పి సందర్భంలో అది సాధారణమైన నొప్పికి వాడే మాట. కాస్త ఒడియా, కాస్త తెలుగు వచ్చిన తోటి కార్మికుడు దాన్ని మాటకు మాటగా 'గుచ్చుతోందట' అని చెప్పాడనుకుందాం. మామూలు కండరాల బాధ, నరానికి సంబంధించిన బాధగా నమోదు కావచ్చు. హిందీ మాట్లాడేవాడు 'అకడన్' అంటే బిగువు, 'దర్ద్' అంటే నొప్పి. అక్కడ రెండూ విడివిడిగా ఉన్నాయి. 'భయ్యా, దర్ద్ హై క్యా?' అని అడిగి 'పట్టింది' అని తెలుగులో రాసుకునే పరీక్షకుడు, రోగి వేరుచేసి చెప్పినదాన్ని తిరిగి కలిపేస్తున్నాడు.

6. పటాన్‌చెరులో జరిపితే:

ఈ ప్రాంతంలో స్పర్శపరీక్షల విశ్వసనీయతను పరీక్షించదలచినవారు కొన్ని విషయాలు దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది. తోటి విద్యార్థుల ఆరోగ్యవంతమైన నడుముల మీద జరిపిన అధ్యయనం డ్రమ్ములు దొర్లించేవారికి వర్తించదు. నొప్పి ఉన్నవారూ లేనివారూ కలిసి ఉండాలి, ఎవరు ఎవరో పరీక్షకులకు తెలియకూడదు. పరీక్ష జరిపే వేళ కూడా ముఖ్యమే. రాత్రి షిఫ్టు దిగిన నడుమూ, నిద్రలేచిన నడుమూ ఒకటి కావు. మొదటి పరీక్షకుడు ఉదయం, రెండవవాడు సాయంత్రం చూస్తే తేలేది చేతుల తేడా కాదు, షిఫ్టు తేడా. పరీక్షకుల వరుసను రోగి రోగికీ మార్చడం, నడుమ కొంత విరామమివ్వడం అవసరం.

దుబాసీని కూడా పరీక్షించాలన్నది ఈ వ్యాసం ప్రత్యేకంగా ప్రతిపాదించే అంశం. ఇద్దరు పరీక్షకులకూ ఒకే దుబాసీ ఉంటే, అతడు చేసే పొరపాటు ఇద్దరి కాగితాల్లోనూ ఒకే విధంగా పడుతుంది. కప్పా పెరుగుతుంది. అది వంద గ్రాములు తగ్గించి తూచే తరాజు విశ్వసనీయత. దుబాసీలను మార్చి చూస్తేనే ఆ లోపం బయటపడుతుంది. ప్రశ్నలను తెలుగు, హిందీ, ఒడియాలలో ముందే రాసి, వేరొకరిచేత మూలభాషలోకి వెనక్కి అనువదింపజేసి, కార్మికులకే వినిపించి సరిచూడాలి. ఈ పని ఫిజియోథెరపీ కళాశాలకూ భాషాశాఖకూ ఉమ్మడిగా చెందుతుంది.

మాటను అదిమిపెట్టే పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నొప్పి ఉందని చెబితే రేపటి నుంచి పనికి రావద్దంటారేమోనని భయపడే కాంట్రాక్టు కార్మికుడు పళ్లు బిగించి 'లేదు సార్' అంటాడు. సెలవు ధ్రువపత్రం కోసం వచ్చినవాడు కొంత పెంచి చెప్పవచ్చు. సూపర్‌వైజరు గది బయట నిలబడి ఉంటే జవాబు మరొకలా ఉంటుంది. రోగి మాట మీద ఆధారపడిన పరీక్షకు రోగి నిర్భయంగా మాట్లాడగలగడమే మొదటి సాంకేతిక నియమం. కాబట్టి ఇలాంటి అధ్యయనాన్ని కర్మాగారం ఆవరణలో కాక వెలుపల, జవాబులు యాజమాన్యానికి చేరవన్న లిఖితపూర్వక హామీతో, ఆ హామీని కార్మికుడి భాషలోనే చదివి వినిపించి జరపాలి. పరీక్షాపత్రంలో నొప్పికీ బిగువుకూ వేరువేరు గడులు ఉంచి, నొప్పి గడిలో రోగి వాడిన మాటను అతని భాషలోనే, తెలుగు లిపిలో యథాతథంగా రాసుకోవాలి. గుంజుడు అన్నది గుంజుడుగానే, బింధా అన్నది బింధాగానే ఉండాలి. దాని అర్థమేమిటన్నది తరువాత చర్చించుకోవచ్చు.